బయానా ఇవ్వకముందే లాయరు దగ్గరికి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కొనేవాళ్లకు

నెల్లూరులో అయినా, ఒంగోలులో అయినా, కావలి, కందుకూరుల్లో అయినా ఇంటి బేరం సాగే తీరు ఒకటే. మధ్యవర్తి ఇల్లు చూపిస్తాడు. వాస్తు చూసే ఆయన వచ్చి బాగుందంటాడు. మంచిరోజు దాటిపోతుందని ఆ సాయంత్రమే లక్షో రెండు లక్షలో బయానా చేతిలో పెడతారు. కాగితాలు లాయరుకు చూపించేది ఆ తర్వాత వారానికి. అప్పుడు ఆయన "ఇందులో అమ్మేవాళ్ల ఇంటి ఆడపిల్ల సంతకం లేదే" అంటే ఇచ్చిన బయానా వెనక్కి రాదు, ఇల్లు వదులుకోవడానికి మనసూ ఒప్పదు. "ఏం కాదులెండి, అందరూ ఇలాగే కొంటున్నారు" అని మధ్యవర్తి చెప్పే మాట అప్పుడే తీయగా వినపడుతుంది.

ఈ వరస మార్చండి. ముందు కాగితాల జిరాక్సులు, తర్వాత లాయరు, ఆయన సరేనన్నాకే బయానా. జిరాక్సులు ఇవ్వడానికే వెనకాడే మనిషి దగ్గర ఇల్లు కొనకపోవడం మేలు.

ఎవరి పని ఏమిటి

దస్తావేజు లేఖరి మీరు చెప్పింది చెప్పినట్టు పద్ధతిగా రాసిపెడతాడు. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. సబ్‌రిజిస్ట్రారు స్టాంపు డ్యూటీ సరిపోయిందా, సంతకం పెట్టింది ఆ మనిషేనా, ఆస్తి నిషేధ జాబితాలో ఉందా అని చూస్తారు. రిజిస్టరు అయినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. లేని హక్కును అమ్మిన దస్తావేజు కూడా రిజిస్టరు అవుతుంది, గొడవ కోర్టులో తేలుతుంది.

బ్యాంకు లోను తీసుకునేవాళ్లు "బ్యాంకు లాయరు చూశాడుగా" అని ధీమాగా ఉంటారు. ఆయన చూసేది బ్యాంకు అప్పు వసూలవుతుందా అన్నది. ఒపీనియన్ రాసేది బ్యాంకుకు. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారా, సందు వెడల్పు ఎంత, అగ్రిమెంటులో మీకు రక్షణ ఉందా అన్నవి ఆయన లెక్కలోకి రాకపోవచ్చు. బయానా ఇచ్చిన చాలా రోజులకు గానీ ఆయన దాకా కాగితాలు వెళ్లవు కూడా. మీ తరఫున మీరు పెట్టుకున్న లాయరు వేరే ఉండాలి.

సివిల్ కేసులు, ఆస్తి తగాదాలు నడిపే లాయరును వెతకండి. దావాల్లో ఎక్కడ ఓడిపోతారో చూసినవాళ్లకే కాగితంలో లోపం త్వరగా కనపడుతుంది. మధ్యవర్తి తీసుకొచ్చిన లాయరు వద్దు, అమ్మేవాళ్ల లాయరు అసలే వద్దు. ఫీజు మాట్లాడేటప్పుడే అందులో ఏమేం వస్తాయో అడగండి: కాగితాలు చదివి రాతపూర్వకంగా ఒపీనియన్ ఇవ్వడం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించడం, కోర్టు కేసులు చూడడం, అగ్రిమెంటు రాయడం, క్రయ దస్తావేజు చిత్తుప్రతి చూడడం, రిజిస్ట్రేషన్ రోజు వెంట ఉండడం. నోటిమాటగా "బాగానే ఉంది, కొనుక్కోండి" అంటే సరిపోదు. సంతకం, తేదీ ఉన్న కాగితం మీ చేతికి రావాలి. అందులో ఆయన ఏ దస్తావేజులు చదివారో నంబర్లతో సహా ఉండాలి.

తీసుకెళ్లాల్సిన కాగితాలు

- అమ్మేవాళ్ల క్రయ దస్తావేజు, దాని వెనకనున్న లింకు డాక్యుమెంట్లన్నీ (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు)
- ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), వీలైతే 30 ఏళ్లకు తక్కువ కాకుండా
- ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, కుళాయి పన్ను
- ప్లాను అప్రూవల్, లేఅవుట్ అయితే ఎల్.పి. నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉన్న మ్యాపు
- పొలం మీద వేసిన ప్లాట్లయితే రెవెన్యూ రికార్డులైన పాత అడంగల్, 1-బి
- ఎవరైనా చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్
- అమ్మేవాళ్ల ఆధార్, పాన్

జిరాక్సులతో పని మొదలవుతుంది గానీ ఒకసారి ఒరిజినల్స్ లాయరు కళ్లతో చూడాలి. ఒరిజినల్ లేదంటే అది ఎక్కడో తాకట్టులో ఉండొచ్చు. "పోయింది" అంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ, ఈ మూడూ ఉండాలి.

30 ఏళ్లు వెనక్కి ఎందుకు చదవాలి

తాకట్టు పెట్టిన ఆస్తిని విడిపించుకునే దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు 30 ఏళ్లు. ప్రభుత్వం వేసే దావాలకు కూడా మామూలుగా 30 ఏళ్లే. అందుకే లాయర్లు అంత వెనక్కి వెళతారు. ఆస్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వచ్చిందో గొలుసులా చదువుతారు: ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఎంత విస్తీర్ణం, ఏ హద్దులతో. గొలుసులో ఒక్క లింకు తెగినా దాని తర్వాతి దస్తావేజులన్నీ బలహీనమవుతాయి.

ఈసీ చూసి సంతోషపడేవాళ్లకు ఒక మాట. ఈసీలో వచ్చేది రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని అగ్రిమెంటు, ఇంట్లో దాచిన వీలునామా, నోటిమాట పంపకం, నడుస్తున్న దావా, పన్ను బకాయి అందులో కనపడకపోవచ్చు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందుది కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి.

వెతకడంలోనూ మెలకువ ఉంది. ఒక్క సర్వే నంబరుతో వెతికి ఊరుకుంటే సగం తప్పిపోతాయి. నెల్లూరు 2004లో, ఒంగోలు 2012లో కార్పొరేషన్లయ్యాయి. చుట్టుపక్కల ఊళ్లు కలిసిపోయాయి, ఇంటి నంబర్లు మారాయి. పాత దస్తావేజులో గ్రామం పేరూ సర్వే నంబరూ ఉంటే, కొత్తదాంట్లో డోర్ నంబరు మాత్రమే ఉండొచ్చు. సర్వే నంబరు, పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, ప్లాటు నంబరు, లింకు దస్తావేజు నంబరు, వీటన్నిటితోనూ వెతికించాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. అక్కడ రెండింటితోనూ చూడాలి.

జిల్లాల హద్దులు మారడం ఇంకో చిక్కు. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు పాత దస్తావేజుల్లో జిల్లా నెల్లూరు అని, ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు అని, మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు అని ఉంటుంది. 2022లో మళ్లీ హద్దులు జరిగాయి. జిల్లా పేరు వేరుగా ఉందని కంగారు పడక్కర్లేదు. అయితే ఆ రోజుల్లో ఆ ఊరు ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కింద ఉండేదో తెలుసుకుని అక్కడ కూడా వెతికించకపోతే ఈసీ పైకి శుభ్రంగానే కనపడుతుంది, లోపల తాకట్టు మిగిలే ఉంటుంది.

వెంకటగిరి జమీందారీ కింద ఉన్న ఊళ్లలో కథ ఇంకా వెనక్కి వెళుతుంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అక్కడి భూములకు రైత్వారీ పట్టాలిచ్చారు. ఇనాం భూములకు 1956 చట్టం. ఈ ఊళ్లలో మొదటి కాగితంగా ఆ పట్టా దొరికితే గట్టి పునాది దొరికినట్టే.

వారసుల సంతకాలు

దావాల్లో ఎక్కువగా తగిలే లోపం ఇదే, అందుకే కాస్త విడమరిచి చెప్పాలి. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. ఇల్లు ఆయన స్వార్జితం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తండ్రి తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమానంగా వాటా. కొడుకులిద్దరే వచ్చి అమ్మితే వాళ్ల వాటాలే అమ్ముడైనట్టు. "చెల్లెలికి పెళ్లిలో కట్నం ఇచ్చేశాం" అన్నది హక్కు పోయినట్టు కాదు. ఆమె రిజిస్టరు విడుదల దస్తావేజు రాసిచ్చి ఉండాలి, లేదా అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం పెట్టాలి.

పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణతో పెళ్లయిన కూతుళ్లకు కూడా కొడుకులతో సమానంగా వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికుండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు, అమ్మకాలు చెదరవు. ఆ తేదీ తర్వాత కొడుకులే పారీకత్తు (పంపకం దస్తావేజు) రాసుకుని అమ్మిన ఇంటిని కొంటున్నట్టయితే కూతుళ్ల సంగతి ఏమైందో లాయరు తప్పకుండా తేల్చాలి.

తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక ఆధారమే. అదే చివరి మాట కాదు. దాంట్లో పేరు రాని రెండో భార్య పిల్లలు తర్వాత రావచ్చు. ఊళ్లో నలుగురిని అడగడం, వీధిలో పెద్దవాళ్లతో మాట్లాడడం మీ పని. ఆ వివరాలు తెచ్చి లాయరుకు చెప్పండి, ఆఫీసులో కూర్చున్న ఆయనకు అవి వేరే దారిలో తెలియవు.

మైనరు పేరున ఉన్న ఆస్తిని తండ్రో తల్లో అమ్మాలంటే ముందుగా జిల్లా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మితే ఆ బిడ్డ మేజరయ్యాక 3 ఏళ్ల లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయొచ్చు. గొలుసులో ఎక్కడైనా "మైనరు గార్డియను" అన్న మాట కనపడితే లాయరు అక్కడ ఆగాలి.

దాన సెటిల్‌మెంటుతో వచ్చిన ఇల్లు, రాసిచ్చిన తల్లిదండ్రులు ఇంకా బతికే ఉంటే వాళ్లచేత కూడా ఒప్పుదలగా సంతకం పెట్టించుకోండి. పోషిస్తామన్న షరతు మీద రాసిచ్చి, ఆ షరతు తప్పితే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆ సెటిల్‌మెంటును రద్దు చేయించుకునే వీలు వాళ్లకుంది.

జీపీఏ (యజమాని తన బదులు వ్యవహరించమని రాసిచ్చే అధికారపత్రం) మీద అమ్మేవాళ్లు ఇక్కడ ఎక్కువే, అమెరికాలో ఉన్న పిల్లల ఆస్తులు చాలా ఉన్నాయి కాబట్టి. జీపీఏ రాసిచ్చిన మనిషి చనిపోతే అది మామూలుగా అక్కడితో చెల్లిపోతుంది. ఆ మనిషితో వీడియో కాల్‌లోనైనా మాట్లాడి, ఇంకా రద్దు చేయలేదని ఈసీలో చూసి, అమ్మే అధికారం దాంట్లో స్పష్టంగా రాశారా అని చదవాలి. విదేశంలో రాసిన జీపీఏ అయితే ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించారా అన్నదీ చూడాలి. జీపీఏ, వీలునామా, అగ్రిమెంటు కలిపి ఇచ్చి "ఇదే రిజిస్ట్రేషన్ లాంటిది" అంటే ఒప్పుకోవద్దు. వాటితో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

నేల స్వభావం

మనిషికి హక్కు ఉన్నా, నేల అమ్మడానికి వీల్లేనిదైతే అంతా వృథా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధ జాబితాలో ప్రభుత్వ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన), దేవాదాయ, వక్ఫ్ భూములుంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గ్రామం, సర్వే నంబరు వేసి చూడొచ్చు. ఈ పని ఇంట్లో కూర్చుని మీరే మొదటిరోజే చేయొచ్చు. జాబితాలో లేకపోతే నిశ్చింత అనుకోకూడదు, పేరు ఎక్కని భూములూ ఉంటాయి. సర్వే నంబరులో కొంతే ప్రభుత్వానిదైనా మొత్తం నంబరు జాబితాకెక్కిన సందర్భాలూ ఉంటాయి. రెండో రకానికి కలెక్టరు ఆఫీసులో సవరణ జరగాలి. అది జరిగేదాకా బయానా ఇవ్వొద్దు.

డీకేటీ పట్టా అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి. వారసులు అనుభవించొచ్చు గానీ 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. నేల ప్రభుత్వం తీసుకోవచ్చు, మీరు కట్టిన డబ్బుకు దిక్కుండదు. 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాల సంగతి వేరు, వాటిలో అమ్మకూడదన్న షరతు లేదు. మాజీ సైనికులకిచ్చిన భూములకూ 10 ఏళ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటు ఉంది. 2023లో చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ వ్యవసాయ భూములకు హక్కులిచ్చారు. ఫ్రీహోల్డ్ అని పిలిచే ఆ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం ఆపి విచారణ పెట్టింది. ఇలాంటి నేల మీద లేఅవుట్ అంటే, మీరు కొనే రోజుకు నిబంధన ఏమిటో లాయరుచేత రాయించుకోవాలి.

చుక్కల భూములు ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలిసిన మాటే. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. 12 ఏళ్లకు పైగా స్వాధీనంలో ఉన్నవాళ్ల పేరు ఎక్కించడానికి 2017లో ప్రత్యేక చట్టం చేశారు. వీటిని నిషేధ జాబితా నుంచి తీసి పత్రాలిచ్చే సభను 2023 మేలో ప్రభుత్వం కావలిలోనే జరిపింది. చుక్కల భూమి మీద ఇల్లయితే, ఆ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్.) నకలు, ఆ నంబరును జాబితా నుంచి తీసిన ఉత్తర్వు, రెండూ కాగితం మీద చూడాలి. నోటిమాట చెల్లదు.

చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, కాలువ గట్టు నెల్లూరు లాంటి చెరువుల ప్రాంతంలో ఇంకో గండం. ఎండాకాలం పొడిగా ఉండే చోట ప్లాట్లు వేస్తారు. గ్రామ పటం, సర్వే కొలతల పుస్తకం (ఎఫ్.ఎం.బి.) తెప్పించి చూస్తే బయటపడుతుంది. కృష్ణపట్నం, రామాయపట్నం ఓడరేవుల చుట్టుపక్కలా, నడికుడి-శ్రీకాళహస్తి రైలుమార్గం వెంటా కొనేవాళ్లు భూసేకరణ ప్రకటనలు చూపించమనాలి. 2013 భూసేకరణ చట్టంలోని 11వ సెక్షన్ కింద ప్రకటన వెలువడ్డాక, కలెక్టరు ప్రత్యేక అనుమతి లేకుండా ఆ భూమిలో లావాదేవీ చేయకూడదు.

పల్లెల్లో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇల్లయితే పట్టా అడిగి లాభం లేదు, ఉండదు. అక్కడ తరతరాల స్వాధీనమే ఆధారం. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పక్కింటివాళ్ల దస్తావేజుల్లో ఈ ఇంటిని హద్దుగా ఎవరి పేరుతో రాశారు అన్నవి లాయరు చూస్తారు. ఆ చివరిది చాలామంది మరిచిపోతారు గానీ బలమైన సాక్ష్యం.

అంకణం లెక్క

నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. దస్తావేజులో "50 అంకణములు" అని రాసి ఉంటే నెల్లూరు లెక్కలో 400 గజాలు, తిరుపతి లెక్కలో 200 గజాలు. గూడూరు, వెంకటగిరి దారుల్లో కొనేవాళ్లు ఏ అంకణమో తేల్చుకుని, దస్తావేజులో అంకణాలతోపాటు గజాలు, చదరపు మీటర్లు కూడా రాయించాలి. సెంటు అంటే 48.4 గజాలు, అంటే నెల్లూరు లెక్కలో సుమారు 6 అంకణాలు.

లైసెన్సు ఉన్న సర్వేయరుతో నాలుగు పక్కలా కొలిపించి, ఆ నక్షాను లాయరుకు ఇవ్వండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి. 60 అంకణాలని రాసుకుని హద్దుల మధ్య 52 ఉంటే మీకు దక్కేది 52. ఇంటికి వెళ్లే దారి ఎవరిదో కూడా అప్పుడే చూడాలి. దస్తావేజులో "నడక దారి" అని ఉంటే కారు పోయే హక్కు అడగలేరు.

దావాలు, అప్పులు, ఐపీలు

ఆస్తి మీద దావా నడుస్తుండగా కొంటే, మీకు తెలియకపోయినా ఆ తీర్పుకు మీరూ కట్టుబడాల్సిందే. అందుకే అమ్మేవాళ్ల పేర్లు, వాళ్ల తండ్రి పేరు, లింకుల్లోని పేర్లు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వేసి చూడమని లాయరును అడగండి. తెలుగు పేర్లను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, నాలుగు రకాలుగానూ వెతకాలి. రెండు పత్రికల్లో ప్రకటన ఇచ్చి 15 రోజులు ఆగడం ఖర్చుతో కూడినదే గానీ, ఆడబిడ్డలు, పాత అగ్రిమెంటుదారులు అప్పుడే బయటికొస్తారు.

అప్పులపాలైన మనిషి ఐపీ పెట్టబోతూ తొందరగా ఇల్లు అమ్మేయడం మన వైపు కొత్త కాదు. మీ రిజిస్ట్రేషన్ అయిన 2 ఏళ్లలోపు ఐపీ దాఖలై, ఆయన్ని కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, అప్పులవాళ్ల కోసం ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగొచ్చు. సదుద్దేశంతో, సరైన ధర ఇచ్చి కొన్నవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ దక్కాలంటే ధర మార్కెట్ రేటుకు దగ్గరగా ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లినట్టు రుజువుండాలి. రేటుకు సగానికే వస్తోందంటే సంతోషించడానికి ముందు ఎందుకని అడగండి.

ఇంట్లో అమ్మేవాళ్లు కాక ఇంకెవరైనా ఉంటే వాళ్లతో తప్పక మాట్లాడాలి. స్వాధీనంలో ఉన్న మనిషికి ఏ హక్కుందో అది మీకు తెలిసినట్టే చట్టం లెక్కేస్తుంది. "అద్దెకున్నారు" అనుకున్న ఆయన చేతిలో పాత అగ్రిమెంటు ఉండొచ్చు. అద్దెకే ఉన్నామని, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని ఆయన చేత రాయించుకోండి.

అగ్రిమెంటు

100 రూపాయల స్టాంపు మీద రాసి నోటరీ ముద్ర వేస్తే బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. నోటరీ రిజిస్ట్రేషన్ కాదు, ఈసీలో కనపడదు. మీకు తెలియకుండా ఇంకొకరికి అమ్మేస్తే ఆ మూడోవాడికి మీ అగ్రిమెంటు సంగతి తెలుసని మీరు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. పెద్ద మొత్తమైనా, గడువు నెల రెండు నెలలు దాటినా అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి.

లాయరు రాసే అగ్రిమెంటులో ఈ మాటలు ఉండేలా చూడండి. ఏ ఒరిజినల్స్ ఎప్పుడు చూపిస్తారు, ఎప్పుడు ఇస్తారు. బాకీలన్నీ ఎవరు కడతారు. ఇల్లు ఏ తేదీకి ఖాళీ. హక్కులో లోపం తేలినా, బ్యాంకు లీగల్‌గా తిరస్కరించినా బయానా ఎన్ని రోజుల్లో వెనక్కి. కొలతలో తగ్గితే అంకణానికి ఎంత చొప్పున ధర తగ్గుతుంది. అమ్మే ఆయన భార్య, మేజరైన పిల్లలు ఒప్పుకుంటూ సంతకాలు.

అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాకుండా నాన్చితే దావా వేయడానికి గడువు 3 ఏళ్లు, అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి. మాటల్లో నమ్మి కాలం గడిపేయొద్దు. కోర్టు మొదట అడిగేది మీ దగ్గర మిగతా డబ్బు సిద్ధంగా ఉండేదా అని. గడువు దాటకముందే లాయరు నోటీసు పంపాలి, ఖాతాలో డబ్బు లేదా లోను మంజూరు పత్రం చూపగలగాలి.

బయానా నగదుగా 20,000 రూపాయలు, ఆపైన తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. జరిమానా తీసుకున్నవాళ్లకే అయినా, నగదుకు రుజువు లేక నష్టపోయేది మీరు. ధర తక్కువ చూపించి మిగతాది చేతికిమ్మంటే, రేపు లోపం తేలి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే కాగితం మీదున్నదే అడగగలరు. మీరు మళ్లీ అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా లెక్కతేలి పన్నూ పెరుగుతుంది.

ఫ్లాట్లు, లేఅవుట్లు

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 ఫ్లాట్లు దాటో కట్టే ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకు స్వాధీనం ఇచ్చాక 5 ఏళ్ల బాధ్యత ఆయనదే. బిల్డరు స్థల యజమానితో చేసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంటును లాయరు పూర్తిగా చదవాలి. మీరు కొనే ఫ్లాటు బిల్డరు వాటాలో ఉందా, యజమాని వాటాలోనా? యజమానిదైతే బిల్డరు అమ్మలేడు. మున్సిపాలిటీకి తనఖా పెట్టిన ఫ్లాట్లు కొన్ని ఉంటాయి, అవి విడుదల కాకముందు కొనకూడదు.

లేఅవుట్ అయితే నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ), ఒంగోలు వైపు అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో, ఎల్.పి. నంబరు నిజమైనదేనో ఆ ఆఫీసులోనే అడగాలి. "అప్లై చేశాం" అన్నది అప్రూవల్ కాదు. పంచాయతీ సర్పంచ్ సంతకం లేఅవుట్ అనుమతి కాదు. అనుమతి లేని ప్లాటు రిజిస్టరయినా ఇల్లు ప్లాను దగ్గర ఆగిపోతుంది, క్రమబద్ధీకరణ రుసుము మీ నెత్తిన పడుతుంది.

రిజిస్ట్రేషన్ రోజు

ఖర్చు ముందే లెక్క కట్టుకోండి. క్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5. మీ ధర, ప్రభుత్వ విలువ రెండిట్లో ఏది ఎక్కువో దానిమీద. 40 లక్షల ఇల్లయితే 2,00,000, 60,000, 40,000 కలిపి 3,00,000. యూజర్ ఛార్జీలు వేరే. ధర 50 లక్షలకు చేరినా, దాటినా 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫు ఆదాయపు పన్ను) మీరే మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశంలో స్థిరపడినవాళ్లయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, చాలా ఎక్కువ మినహాయించాలి. మరిచిపోతే పన్ను శాఖ మిమ్మల్నే అడుగుతుంది. లాయరుతోపాటు ఆడిటరును కూడా ఒకసారి కలవండి.

దస్తావేజు ముద్రించకముందే చిత్తుప్రతిని మీరూ లాయరూ షెడ్యూలు దగ్గర అక్షరం అక్షరం చదవండి. తూర్పు, పడమర తారుమారవడం, సర్వే నంబరులో ఒక అంకె పోవడం మామూలుగా జరిగేవే. తర్వాత సవరణ దస్తావేజు రాయాలంటే అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు చేతికందాక వాళ్లను పిలిపించడం కష్టం. ఆ ఉదయమే ఇంకోసారి ఈసీ చూడండి, మొదటి ఈసీ తర్వాత ఏదైనా జరిగి ఉంటే కనపడుతుంది. మిగతా మొత్తం డీడీగానో బ్యాంకు బదిలీగానో ఇచ్చి ఆ నంబర్లు దస్తావేజులో రాయించండి. లింకు డాక్యుమెంట్ల ఒరిజినల్స్, తాళాలు అక్కడే తీసుకోండి.

సంతకం పెట్టిన తేదీ నుంచి 4 నెలల్లోపు దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. అది దాటితే ఇంకో 4 నెలల దాకా జరిమానాతో. ఆపైన వీలుండదు.

పని అయ్యాక

దస్తావేజు చేతికొచ్చిన వారం పది రోజుల్లో కొత్త ఈసీ తీసి మీ పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు సరిగా ఎక్కాయో చూడండి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇంటి పన్ను పేరు మార్పుకు, కరెంటు మీటరు, కుళాయి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. అమ్మినవాళ్ల పాత లోను తీర్చి కొన్నట్టయితే, బ్యాంకు ఇచ్చే నో డ్యూ లెటరుతో ఆగొద్దు. తనఖా రిజిస్టరయి ఉంటే విడుదల దస్తావేజు కూడా రిజిస్టరు చేయించి, అది ఈసీలో కనపడేదాకా లాయరును వదలొద్దు. లాయరు ఒపీనియన్, బయానా రసీదు, డీడీ జిరాక్సులు, పత్రికా ప్రకటన కత్తిరింపులు అన్నీ దస్తావేజుతోపాటు ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.